మాన్యువల్ గేర్ల కారుకు క్రూజ్ కంట్రోల్ కిట్ పెట్టించుకోవచ్చా?

హన్మకొండ నుంచి హైదరాబాద్‌కు వారం వారం తిరుగుతున్నాం, తక్కువ ఫీచర్లున్న లో వేరియంట్ కారు, యాక్సిలరేటర్ మీద కాలు తీసినా స్పీడు నిలబెట్టే క్రూజ్ కిట్ బయట దొరికేది పనికొస్తుందా అని అడిగారు. పనికొస్తుంది. అందరూ బటన్లు ఎక్కడొస్తాయని అడుగుతారు గానీ అసలు ముచ్చట క్రూజ్‌ను ఆపే వైర్లది.

ముందు యాక్సిలరేటర్ పెడల్ వెనక చూడండి. ఇనుప కేబుల్ ఉంటే ఈ ఆలోచన మానుకోండి. ఆరు వైర్ల కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) ఉంటే కిట్ పెడల్‌కూ ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీఎంకూ మధ్యలో కూర్చుంటుంది, వైరు కోసే పని లేదు. ఆరింటిలో రెండు 5 వోల్టులవి, రెండు ఎర్తులు, రెండు సిగ్నళ్లు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేసి మల్టీమీటర్ పెడితే, చాలా బండ్లలో కాలు తీసినప్పుడు ఒక సిగ్నల్ 0.7 వోల్టుల దగ్గర, రెండోది అందులో సగం చూపిస్తుంది. పెడల్ నొక్కేకొద్దీ రెండూ అదే లెక్కన పెరగాలి. ఎర్త్ లూజై ఆ లెక్క తప్పితే చెక్ లైటు వెలిగి బండి పికప్ తగ్గించుకుని నడిచే లింప్ మోడ్‌లోకి పోతుంది. పెడల్ సెన్సార్ మార్చమని ఎవరన్నా అంటే ముందు ఎర్త్ చూడమనండి.

బ్రేక్ వైరు దగ్గరే పని చెడేది. కొన్ని కిట్లు స్టాప్ లైటు బల్బు ఫిలమెంటు గుండా అందే ఎర్త్‌ను చూసి బ్రేక్ తొక్కలేదని గుర్తుపడతాయి. సోకు కోసం ఎల్ఈడీలు పెట్టించిన బండిలో ఆ ఎర్త్ అందదు, క్రూజ్ సెట్ కాదు. అప్పుడు కిట్ బ్రేక్ వైరును నేరుగా బాడీకి ఎర్త్ చేస్తే క్రూజ్ సెట్ అవుతుంది, కానీ బ్రేక్ తొక్కినా వదలదు. బ్రేకు ఒకవైపు ఆపుతుంటే ఇంజిన్ ఇంకోవైపు తోస్తుంటుంది. ఎవరు చెప్పినా ఆ పని చేయనివ్వకండి. ఐదు కాళ్ల రిలేతో (కరెంటుతో పనిచేసే స్విచ్‌తో) సరిచేయొచ్చు గానీ రిలే పాడైతే మళ్లీ అదే ప్రమాదం. పాత 21 వాట్ల బల్బులు తిరిగి పెట్టడమే మేలు.

క్లచ్ స్విచ్ లేకుండా మాన్యువల్ బండికి బిగించొద్దు. క్లచ్ తొక్కగానే లోడు పోయి ఇంజిన్ ఒక్కసారిగా రేజ్ అవుతుంది. స్టార్ట్ చేయడానికి క్లచ్ తొక్కాల్సిన బండ్లలో ఉండే స్విచ్ పెడల్ అడుక్కి పోతేనే పనిచేస్తుంది, అది దీనికి చాలదు. పెడల్ కాస్త కదలగానే కట్ అయ్యే స్విచ్ వేరేగా పెట్టించండి.

వాన పడుతుంటే క్రూజ్ వాడొద్దు. నీళ్ల మీద టైర్లకు పట్టు తప్పినా అది స్పీడు నిలబెట్టాలనే చూస్తుంది. వడ్ల కోతలప్పుడు కూడా అంతే. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. ఊరూరా సరిపడా కల్లాలుంటే రైతుకు ఆ గతి పట్టేది కాదు.

బిగించాక పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల స్పీడులో సెట్ చేయండి. బ్రేకును కాలితో తాకితే చాలు, పట్టకముందే క్రూజ్ వదలాలి. మళ్లీ సెట్ చేసి క్లచ్, ఆ తర్వాత క్యాన్సిల్ బటన్, చివరికి మెయిన్ స్విచ్ చూడండి. నాలుగింటిలో ఒక్కటి వదలకపోయినా బండి పక్కకు ఆపాక కీ ఆఫ్ చేసి, కిట్ కప్లర్ పీకి, పెడల్‌కు పాత కప్లర్ పెట్టుకుని ఇంటికి రండి.