ప్రింటింగ్ మెషిన్ ముందా, కటింగ్ మెషిన్ ముందా?

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్ దగ్గర మాకు సైన్‌బోర్డుల షాపు ఉంది. 18 ఏళ్లుగా నడుపుతున్నాను. స్టిక్కర్ షీటును బ్లేడుతో కోసే రెండడుగుల కటింగ్ ప్లాటర్, ప్రింట్ మీద పల్చటి ప్లాస్టిక్ పొర అతికించే లామినేటర్ ఒకటి ఉన్నాయి. ప్రింటింగ్ అంతా బయట జాబ్ వర్క్‌కి ఇస్తాను. ఈ మధ్య ఆర్డర్లు పెరిగాయి. మా అబ్బాయి ఈ ఏడాది బీకాం పూర్తిచేశాడు, షాపులోకే వస్తానంటున్నాడు. ప్రింట్ అండ్ కట్ మెషిన్, సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ సాయంతో గట్టి షీట్లను కోసే మెషిన్) రెండూ ఒకేసారి కొందామని పట్టుబడుతున్నాడు. ఇల్లు తనఖా పెట్టాల్సి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? — ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: నమస్కారం అండీ. ముందుగా, అబ్బాయి షాపులోకి వస్తాననడం మంచి మాట. నిలబడిన కస్టమర్లు, 18 ఏళ్ల పేరు ఉన్న షాపు చేతికి రావడం చిన్న విషయం కాదు. అయితే మీ ఇంట్లో ఇప్పుడు రెండు నిర్ణయాలు కలిసిపోయాయి. అబ్బాయి ఈ పనిలో స్థిరపడటం ఒకటి, మెషిన్లు కొనడం ఇంకొకటి. మొదటిదానికి సరే అనండి. రెండోదాన్ని కొన్నాళ్లు ఆపండి.

ఈ ఆగే సమయంలో అబ్బాయికి ఒక పని అప్పజెప్పండి. బీకాం చదివాడు కాబట్టి అతనికి బాగా నప్పుతుంది. గత మూడు నెలల బిల్లులు ముందేసుకుని, బయటికి వెళ్లిన ప్రతి జాబునూ రాయమనండి: ఫ్లెక్స్ ఎన్ని చదరపు అడుగులు, ప్రింట్ చేసిన వినైల్ (స్టిక్కర్ షీటు) ఎంత, ఆకారం ప్రకారం కట్ చేసిన స్టిక్కర్లు ఎన్ని, యాక్రిలిక్ అక్షరాలు, ఏసీపీ (అల్యూమినియం రేకు అతికించిన ప్యానెల్) బోర్డులు ఎన్ని. ఏ మెషిన్ కావాలో ఆ కాగితమే చెబుతుంది.

ఫ్లెక్స్ ఎక్కువగా కనిపిస్తే పదడుగుల ఫ్లెక్స్ మెషిన్ వైపు మాత్రం చూడకండి. అది పొద్దున్నుంచి రాత్రి దాకా తిరిగితేనే గిట్టుబాటు అవుతుంది. మన నగరంలో జాబ్ వర్క్ చేసేవాళ్లకు కొదవ లేదు, రేట్ల పోటీ గట్టిగా ఉంది. పైగా 2022 జూలై 1 నుంచి 100 మైక్రాన్ల కంటే పలచని పీవీసీ బ్యానర్లు నిషేధం. ఆ పని బయటే చేయించుకోండి.

ఇక కటింగ్. మీ జీవనాధారం ఇక్కడే ఉంది. మీ ప్లాటర్‌లో రిజిస్ట్రేషన్ మార్కులు (ఎక్కడ కట్ చేయాలో మెషిన్‌కి తెలిసేలా బొమ్మతోపాటు ప్రింట్ చేసే గుర్తులు) చదివే సెన్సర్ ఉందో లేదో ఈరోజే చూడండి. ఉంటే, బయట ప్రింట్ చేయించిన స్టిక్కర్లను కూడా మీ షాపులోనే ఆకారం ప్రకారం కట్ చేసుకోవచ్చు. మార్కులు మీ కటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టి, సైజు మార్చకుండా నూటికి నూరు శాతం కొలతతో ప్రింట్ ఇవ్వమని జాబ్ వర్క్ వాళ్లకు చెప్పాలి, అంతే. గ్లాసీ లామినేషన్ వేశాక కొన్ని సెన్సర్లు మార్కుల్ని పట్టుకోలేవు కాబట్టి మొదట ఒక షీటుతో పరీక్షించండి. సెన్సర్ లేకపోతే, మీ మొదటి కొనుగోలు సెన్సర్ ఉన్న మంచి కట్టర్. దానికి ఇల్లు తనఖా పెట్టనక్కర్లేదు.

నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు మూడేళ్లు ఒక బోర్డుల షాపులో డిజైనర్‌గా చేశాను. ఒకసారి అద్దం తలుపు మీదికి 'శ్రీ లక్ష్మీ' అని రేడియం కట్ చేశాం. అంగుళం ఎత్తు అక్షరాలు. వేస్ట్ (అక్షరాల చుట్టూ మిగిలే అక్కర్లేని షీటు) పీకుతుంటే 'క్ష్మీ' కింది ఒత్తు దాంతోపాటే లేచి వచ్చేసింది. మళ్లీ కట్ చేస్తే మళ్లీ అంతే. మూడోసారి మా ఓనర్ బ్లేడు మార్చి, స్పీడు సగానికి తగ్గించి, వేస్ట్‌ను పైకి లాగకుండా వెనక్కి మడిచినట్టు నెమ్మదిగా తీయించారు. అప్పుడు నిలిచింది. తెలుగు అక్షరాలతో పని ఇలాగే ఉంటుంది. ప, స లాంటివాటికి చాలా ఫాంట్లలో తలకట్టు విడిగా ఉంటుంది. వినైల్‌లో అయితే అది వేరే ముక్క, యాక్రిలిక్‌లో అయితే దానికి వేరే ఫిట్టింగ్. కంప్యూటర్‌లో అక్షరాల్ని కర్వ్స్ (ఉత్త గీతలు) చేశాక ఒకదాని మీద ఒకటి పడే గీతల్ని వెల్డ్ చేయకపోతే, అంటే కలిపి ఒకటి చేయకపోతే, బ్లేడు అక్షరం మధ్యలోంచి పోతుంది. ఏ మెషిన్ కొన్నా ఈ పని చేతికి రావాల్సిందే. అబ్బాయికి ఇది వచ్చేదాకా మెషిన్ మాట ఎత్తకండి.

ప్రింటర్ విషయానికి వద్దాం. ప్రింట్ అండ్ కట్ ఒకే మెషిన్‌లో ఉంటే చోటు కలిసొస్తుంది, మార్కుల తలనొప్పి తక్కువ. కానీ అది కట్ చేస్తున్నంతసేపూ ప్రింట్ ఆగుతుంది, పాడైతే రెండు పనులూ ఆగుతాయి. పెరుగుతున్న షాపుకి ప్రింటర్ వేరు, కట్టర్ వేరు ఉండటమే మేలని నా అభిప్రాయం. మీకు కట్టర్ ఎలాగూ ఉంటుంది కాబట్టి ప్రింటర్ ఒక్కటే ఆలోచిస్తే సరిపోతుంది.

ఎకో సాల్వెంట్ (ద్రావకం కలిసిన ఇంకు వాడే) ప్రింటర్ అయితే, ప్రింట్ తీశాక లామినేషన్‌కి ముందు 24 గంటలు ఆరనివ్వాలి. తొందరపడితే లోపల చిక్కుకున్న సాల్వెంట్ జిగురును మెత్తబరుస్తుంది, అంచులు చుట్టుకుపోతాయి. 'సాయంత్రానికి కావాలి' అనే కస్టమర్లు ఎక్కువైతే లాటెక్స్, యూవీ రకాలు చూడాలి. అవి ప్రింట్ అయ్యేసరికే ఆరిపోతాయి, ఖరీదు మాత్రం ఎక్కువ. ఎకో సాల్వెంట్‌కి ఇంకు చిమ్మే హెడ్ ఎండకుండా రోజూ చూసుకునే మనిషి కావాలి. సంక్రాంతికి షాపుకి తాళమేసి వారం రోజులు ఊరెళ్లే అలవాటు ఉంటే, ముందే కంపెనీ చెప్పిన పద్ధతిలో హెడ్ భద్రపరిచి వెళ్లాలి. ఎండిన హెడ్ మార్చాలంటే చాలా ఖర్చు.

లెక్క ఇలా వేయండి. నెలకు బయట ప్రింట్‌కి 40 వేలు ఇస్తున్నారనుకుందాం. మెషిన్ వస్తే ఆ 40 వేలూ మిగలవు. వినైల్, ఇంకు, కరెంటు, ఏసీ, సర్వీసు, పాడైపోయిన షీట్లు అన్నీ తీసేయండి. 18 వేలు మిగిలిందనుకుంటే, ఈఎంఐ అంతకంటే బాగా తక్కువ ఉండాలి. కొత్త ఆర్డర్లు వస్తాయన్న ఆశను ఈ లెక్కలో కలపకండి.

రౌటర్ ఇప్పుడే వద్దు. ఎనిమిది బై నాలుగు అడుగుల షీటు పరచాలంటే చుట్టూ తిరిగే చోటుతో పెద్ద గది, చాలా మెషిన్లకు త్రీ ఫేజ్ కరెంటు కావాలి. దాని దుమ్ము ప్రింటర్ హెడ్‌కి శత్రువు, చప్పుడు పక్కింటివాళ్లకు ఇబ్బంది. దాని బదులు లేజర్ కట్టర్ కొందామంటాడేమో, ఒక్క విషయం గట్టిగా చెప్పండి: లేజర్ యాక్రిలిక్‌కి అంచు అద్దంలా ఇస్తుంది కానీ, పీవీసీ సన్‌బోర్డ్‌ని (తేలికపాటి ప్లాస్టిక్ షీటుని) అందులో ఎప్పుడూ పెట్టకూడదు. ఆ బోర్డులోని క్లోరిన్ ఆమ్లపు పొగగా మారి ఊపిరితిత్తుల్నీ మెషిన్‌నీ తినేస్తుంది.

అబ్బాయిని ఆరు నెలలు వేరే షాపులో ఆపరేటర్ పక్కన పనికి పెట్టండి. నాన్న షాపులో తప్పు చేస్తే ఎవరూ అడగరు, అక్కడ అడుగుతారు. రౌటర్ మీద నిజంగా మనసుంటే బాలానగర్‌లోని సీఐటీడీలో (కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ) సీఎన్‌సీ షార్ట్ టర్మ్ కోర్సులు ఉంటాయి, వెళ్లి కనుక్కోమనండి. పదో తరగతి పిల్లలున్న తల్లిదండ్రులు ఇది చదువుతుంటే, సికింద్రాబాద్‌లోని ప్రభుత్వ ప్రింటింగ్ టెక్నాలజీ సంస్థలో పాలిసెట్ ద్వారా డిప్లొమా ఉందని గుర్తుంచుకోండి.

ఇల్లు మాత్రం తనఖా పెట్టకండి. ముద్ర పథకంలో 10 లక్షల దాకా తాకట్టు లేని అప్పు ఉంది. పీఎంఈజీపీ (సబ్సిడీతో అప్పు ఇప్పించే కేంద్ర పథకం) కొత్త యూనిట్ల కోసం ఉద్దేశించింది కాబట్టి నడుస్తున్న మీ షాపుకి దాన్ని నమ్ముకోవద్దు. జీఎస్టీ కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉంటే మెషిన్ మీద కట్టిన పన్ను వెనక్కి రాదు, కొనేముందు మీ ఆడిటర్‌ని అడగండి.

డెమోకి వెళ్లేటప్పుడు వాళ్ల బొమ్మలు చూసి రాకండి. ఒత్తులున్న మీ తెలుగు ఫైల్, మీరు వాడే వినైల్ తీసుకెళ్లి మూడు మీటర్ల పొడవున స్టిక్కర్లు ప్రింట్ చేయించి కట్ చేయించండి. చివరి స్టిక్కర్ దగ్గర కట్ ఎంత పక్కకి జరిగిందో స్కేలు పెట్టి చూడండి. సర్వీస్ ఇంజినీర్ హైదరాబాద్‌లోనే ఉంటాడా, ఎన్ని గంటల్లో వస్తాడో రాయించుకోండి. మూడు నెలల బిల్లుల లెక్క తేలాక నాకు మళ్లీ రాయండి, ఏ సైజు ప్రింటర్ సరిపోతుందో అప్పుడు కలిసి చూద్దాం.