గాలి బాగా వీస్తోందని ఎఫ్‌డీ తీయకండి

ప్రశ్న: ఉరవకొండ దగ్గర మాకు 9 ఎకరాల మెట్ట పొలం ఉంది. టీచరుగా రిటైరయ్యాను. చేతిలో 18 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఒక ఏజెంటు వచ్చి, ఇక్కడ ఎండా గాలీ రెండూ బ్రహ్మాండంగా ఉన్నాయి, పొలంలో చిన్న గాలిమర, సోలార్ ప్యానెళ్లు కలిపి పెట్టుకుంటే ఐదేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుందని చెబుతున్నాడు. 12 లక్షలు పెట్టమంటున్నాడు. ఇంటి కరెంటు బిల్లు నెలకు 1,400 దాకా వస్తోంది. ఎఫ్‌డీ తీయమంటారా?

జవాబు: మాస్టారూ, ప్రస్తుతానికి తీయకండి. మీ పొలంలో ఎండా గాలీ లేవని కాదు. అవి ఎంత ఉన్నాయో ఇంతవరకూ ఎవరూ కొలవలేదు, అందుకని.

ముందు ఎండ సంగతి. దీన్ని ఇంట్లో కూర్చునే చాలావరకు తెలుసుకోవచ్చు. ప్రపంచ బ్యాంకు వారి గ్లోబల్ సోలార్ అట్లాస్ ఉచితంగా దొరుకుతుంది. మ్యాపులో మీ పొలం మీద వేలు పెడితే, ఒక కిలోవాట్ ప్యానెళ్లకు ఏడాదికి ఎన్ని యూనిట్లు వస్తాయో చూపిస్తుంది. రాయలసీమలో సుమారు 1,500 యూనిట్లు, అంటే రోజుకు 4 యూనిట్లు అనుకుని లెక్క వేసుకుంటే మోసపోరు. ఒక్క విషయం మాత్రం మీరే స్వయంగా చూసుకోవాలి. అది నీడ. డిసెంబరు నెలాఖరులో నీడలు బాగా సాగుతాయి. ఆ రోజుల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు చెట్టు, ట్యాంకు, పక్కింటి గోడ నీడ ప్యానెల్ పెట్టే చోట పడుతోందేమో గమనించండి. ఇంకొకటి, ఎండ మండిపోతే కరెంటు ఎక్కువ వస్తుందనుకోవడం పొరపాటు. మే నెలలో ప్యానెల్ వేడి 60 డిగ్రీలు దాటితే ఉత్పత్తి పదో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే తగ్గుతుంది.

గాలి అలా కాదు. డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువగా ఇక్కడే పోగొట్టుకుంటారు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. గాలిలో ఉండే శక్తి దాని వేగం ఘనాన్ని (వేగాన్ని వేగంతో రెండుసార్లు గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది. సెకనుకు 6 మీటర్ల గాలి 4 మీటర్లకు తగ్గితే శక్తి మూడో వంతు కూడా మిగలదు. మీ చుట్టుపక్కల తిరిగే పెద్ద గాలిమరల రెక్కల ఇరుసు నూరు మీటర్లకు అటూ ఇటూ ఎత్తున ఉంటుంది. ఏజెంటు చెప్పే చిన్న మర మహా అయితే 12 మీటర్ల స్తంభం మీద ఉంటుంది. 120 మీటర్ల ఎత్తున 6.5 మీటర్ల వేగంతో వీచే గాలి, చెట్లు లేని బయలులో కూడా 12 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి 4.7 దగ్గర ఉంటుంది. అంటే శక్తి నూటికి 37 పాళ్లే. వేపచెట్లు, ఇళ్లు అడ్డం ఉంటే అదీ ఉండదు. పెద్ద గాలిమరలను చూపించి చిన్నది అమ్ముతున్నారంటే ఈ లెక్క మీకు చెప్పలేదన్నమాట.

పైగా మన దగ్గర గాలి ప్రధానంగా జూన్ నుంచి సెప్టెంబరు వరకే. ఆషాఢంలో తలపాగా ఎగిరిపోయే గాలి చూసి ఏడాదంతా అంతే ఉంటుందని లెక్క కట్టకూడదు. పెద్ద కంపెనీలు సైతం ఒక చోట పెట్టుబడి పెట్టే ముందు పరికరాలు బిగించిన ఎత్తైన స్తంభం (మాస్ట్) నిలబెట్టి, కనీసం ఏడాది పాటు గాలి కొలుస్తాయి. నాకు తెలిసిన ఒక కుటుంబం అలాంటి కొలత లేకుండానే మిద్దె మీద చిన్న మర పెట్టించుకుంది. మొదటి రెండు నెలలు తిరిగింది. కార్తీకం వచ్చేసరికి ఎప్పుడో ఒకసారి కదిలేది. ఆ డబ్బు ఆడపిల్ల పెళ్లికి దాచుకున్నది. అది గుర్తొస్తే నాకిప్పటికీ బాధే.

ఇక రాబడి. మీ బోరు మోటారుకు వ్యవసాయ కరెంటు ఉచితంగా వస్తోంది కదా? అలాంటప్పుడు పొలంలో కరెంటు తయారు చేసినా మీకు మిగిలే బిల్లేమీ లేదు. మిగిలేది ఇంటి బిల్లులోనే. అందుకే పొలం కాదు, ఇంటి మిద్దె చూడండి. ఇళ్ల మిద్దెల మీద సోలార్ కోసం ఉన్న పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు ఆపైన 78,000 కేంద్ర సబ్సిడీ ఉంది. 2 కిలోవాట్లకు కొటేషన్ 1.3 లక్షలు అనుకుందాం. సబ్సిడీ పోను మీ చేతి నుంచి 70,000. నెలకు 1,200 మిగిలితే ఏడాదికి 14,400, ఐదేళ్లలో వచ్చేస్తుంది. ఏజెంటు చెప్పిన ఐదేళ్లు ఇక్కడైతే నిజమవుతాయి, అదీ 12 లక్షలతో కాదు. దీనికి ఎఫ్‌డీ ముట్టుకోనక్కర్లేదు.

మరి 9 ఎకరాలు? పెద్ద సోలార్ ప్లాంటు మెగావాట్‌కు (వెయ్యి కిలోవాట్లకు) 4 నుంచి 5 ఎకరాలు కావాలి, ఖర్చు కోట్లలో ఉంటుంది. అది మీరు పెట్టేది కాదు. కానీ సోలార్ కంపెనీకి పొలం లీజుకు ఇవ్వొచ్చు. అప్పుడు ఎండ కంటే ముందు అడగాల్సింది, మీ పొలానికి 33/11 కేవీ సబ్‌స్టేషన్ ఎంత దూరం, ప్లాంటు కరెంటు తీసుకునేందుకు అందులో ఖాళీ ఉందా అని. మీ మండలం విద్యుత్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారిని అడిగితే తెలుస్తుంది. రైతు భూముల్లో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల ప్లాంట్లకు ఉద్దేశించిన పీఎం కుసుమ్ పథకం సబ్‌స్టేషన్‌కు 5 కిలోమీటర్ల లోపు భూములకే ప్రాధాన్యం ఇచ్చింది. లైను దూరమైతే ఎంత ఎండ ఉన్నా కంపెనీ రాదు.

ఎవరైనా లీజుకు వస్తే రిజిస్టర్డ్ ఒప్పందమే చేసుకోండి. రెండేళ్లకో మూడేళ్లకో అద్దె పెరగాలి. ప్లాంటు కట్టకుండా కాగితం పట్టుకుని కూర్చుంటే ఒప్పందం రద్దు కావాలి. గడువయ్యాక ఇనుము, కాంక్రీటు తీసి భూమి అప్పగించాలి. మీ భూమిని వాళ్లు తాకట్టు పెట్టకూడదని స్పష్టంగా రాయించండి. ఈ అద్దె వ్యవసాయ ఆదాయం కిందకు రాదు, పన్ను లెక్కలో చూపాలి. 25 ఏళ్లు పైబడిన మాట కాబట్టి పిల్లలను కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడండి.

ఏజెంటు మళ్లీ వస్తే ఒక్కటే అడగండి: నా పొలంలో 12 మీటర్ల ఎత్తున, పన్నెండు నెలలకు, గాలి కొలిచిన కాగితం ఏదీ? మీరు మాత్రం ఈలోగా సబ్‌స్టేషన్ దూరం, పోయిన ఏడాది పన్నెండు నెలల ఇంటి బిల్లులు నాకు పంపండి. మిద్దె మీద 2 కిలోవాట్లు చాలా, 3 కావాలా అన్నది వాటిని చూసి చెబుతాను.