రాత్రంతా దయ్యాల సినిమాలు వేస్తావట

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. "అక్కా, వీడు హాలు మాట్లాడాడట. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి తెల్లారేదాకా పాత హారర్ సినిమాలు వేస్తాడట. నువ్వన్నా కాస్త గడ్డి పెట్టు" అన్నాడు. గడ్డి పెట్టడానికే రాస్తున్నాను, కాకపోతే వాడు అనుకున్నందుకు కాదు. ఈ పిచ్చి మన ఇంట్లో నాతోనే సరి అనుకున్నాను. నీకూ అంటిందని తెలిసి ఎంత పొంగిపోయానో వాడికి చెప్పలేదు, నువ్వూ చెప్పకు. ఆ తరవాత నువ్వు రాసుకున్న జాబితా ఫొటో తీసి పంపాడు. అది చూశాక నా పొంగు కాస్త చల్లారింది.

చిన్న పనులు ముందు చెప్పేస్తాను. ప్రతి సినిమా ప్రదర్శన హక్కులు ఎవరివో కనుక్కుని అనుమతి కాగితం మీద తీసుకో. ఇంట్లో చూసుకోవడానికి కొన్న డిస్క్ హాల్లో వెయ్యడానికి చెల్లదు. ముందురోజే అన్నీ ఒకసారి వేసి చూసుకో. సౌండు వెనక వరసలో కూర్చుని విను. పెద్దవాళ్లకు మాత్రమే అని టికెట్ మీదే అచ్చేయించు. ఇవి నీకు తెలియనివి కావు.

ఇక అసలు సంగతి. నీ జాబితాలో మొదటి పేరు 'నోస్ఫెరాటు', 1922 నాటి మూకీ, బ్రామ్ స్టోకర్ 'డ్రాక్యులా' నవలని వాడుకుని తీసిన రక్తపిశాచి సినిమా. పక్కనే 'ఆన్‌లైన్‌లో ఫ్రీ' అని రాసుకున్నావు. ఆ ముక్క చదవగానే నా గుండె జారిపోయింది.

మా ఫిల్మ్ సొసైటీ రోజుల్లో ఇదే సినిమా వేశారు. తెప్పించినాయన మంచి చదువరి. దర్శకుడు మర్నౌ గురించి ఎంతసేపైనా అనర్గళంగా మాట్లాడగలడు. ప్రింటు ఎలాంటిదో మాత్రం ముందుగా చూసుకోలేదు. వచ్చింది 16 ఎంఎం కాపీ, ఉత్త నలుపు తెలుపు. మా ప్రొజెక్టరేమో టాకీల వేగంతో, సెకనుకి 24 ఫ్రేములు తిరిగేది. మూకీల రోజుల్లో కెమెరా చేత్తో తిప్పేవాళ్లు. సెకనుకి 16, 18, 20, ఆ చుట్టుపక్కల ఉండేది. దాన్ని 24లో తిప్పితే ఇంకేముంది, కథానాయకుడు హుట్టర్ గునగునా పరిగెత్తాడు, భార్య గిరుక్కున తిరిగింది, ఉత్తరాలు కూడా హడావిడిగా చదివేశారు. అప్పటికే ముసిముసి నవ్వులు మొదలయ్యాయి.

కొండదారిలో హుట్టర్ కోసం రక్తపిశాచి కౌంట్ ఓర్లాక్ బండి వస్తుంది చూడు. ఆ బండిని మాత్రం మర్నౌ కావాలనే మరీ వేగంగా, కుదుపులు కుదుపులుగా కదిలేట్టు తీశాడు. అడవిని నెగెటివ్‌లో చూపించాడు, చెట్లు తెల్లగా పాలిపోయి ఉంటాయి. మనుషుల లోకానిది ఒక నడక, ఓర్లాక్ లోకానిది వేరే నడక అన్నమాట. అందరూ పరుగులు తీస్తున్న మా కాపీలో ఆ బండి కూడా పదిమందిలో ఒకటైపోయింది.

అంతకంటే ఘోరం రంగు సంగతి. అప్పట్లో రాత్రి సన్నివేశాలు కూడా పగటిపూటే తీసి, తరవాత ప్రింటుకి రంగు అద్దేవాళ్లు. రాత్రికి నీలం, పగటికీ దీపపు వెలుగుకీ పసుపు, తెల్లవారుజాముకి గులాబీ. ఆ నీలం లేకపోయేసరికి మా ఓర్లాక్ తన శవపేటికను చంకన పెట్టుకుని పట్టపగలు వీధిలో నడుచుకుంటూ పోయాడు. ఆఖర్లో సూర్యుడి వెలుగు తగిలి పొగైపోయాడు. వెనకనించి ఎవరో "ఇందాకటి ఎండ ఏం చెయ్యలేదా?" అన్నారు. హాలంతా గొల్లుమంది. అడిగినవాడి తప్పేముంది, న్యాయమైన ప్రశ్నే. తమాషా ఏమిటంటే, రక్తపిశాచి ఎండ తగిలితే చస్తుందన్న ఊహ జనంలోకి వచ్చిందే ఈ సినిమాతో. స్టోకర్ నవలలో డ్రాక్యులా పగలు కూడా తిరుగుతాడు. ఆ ఊహ పుట్టిన చోటే దాన్ని నవ్వులపాలు చేశారు మావాళ్లు.

నవ్వులకి కాదురా నాకు ఒళ్లు మండింది. లైట్లు వెలిగాక ఆయన లేచి, "ఎంతైనా పాత సినిమా కదండీ, సర్దుకోవాలి" అన్నాడు, దానికి! అనుమతి లేకుండా నవలను వాడుకున్నారని స్టోకర్ భార్య కేసు వేస్తే, 1925లో కాపీలన్నీ నాశనం చెయ్యమని కోర్టు తీర్పిచ్చింది. అయినా అక్కడొకటి ఇక్కడొకటి మిగిలి బతికి బట్టకట్టిన సినిమా అది. తప్పు మన దగ్గర పెట్టుకుని సినిమాని వెనకేసుకొచ్చినట్టు మాట్లాడితే ఎలా? చాలా ఏళ్లకు రంగులద్ది, వేగం సరిచేసిన కాపీని ఇంకో హాల్లో చూశాను. ఓర్లాక్ నీడ మెట్లెక్కుతుంటే ఒక్కరు నవ్వితే ఒట్టు.

కాబట్టి ఫ్రీ, గీ అనకు. రంగులున్న, బాగుచేసిన కాపీయే తీసుకో. సుమారు గంటన్నర నడవాలి. గంటా చిల్లరలో ముగిసిపోయిందంటే వేగమన్నా తప్పు, ముక్కలన్నా పోయాయి. 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' దగ్గర కూడా ఇదే జాగ్రత్త. 1968లో విడుదలప్పుడు పంపిణీదార్లు సినిమా పేరు మార్చారు, ఆ కొత్త టైటిల్ కార్డు మీద కాపీరైట్ గుర్తు వెయ్యడం మరిచారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క పొరపాటుతో హక్కులు పోయాయి. ఎవరుబడితే వాళ్లు కాపీ కొట్టి అమ్ముకున్నారు. నువ్వు ఇప్పటిదాకా చూసిందీ ఆ బూడిదరంగు కాపీల్లో ఒకటే అయ్యుంటుంది. బాగుచేసినది తెప్పించి చూడు, నలుపు నలుపులా ఉంటుంది. 'ద వికర్ మాన్' పెట్టావు, సంతోషం. కానీ 88 నిమిషాలది కాకుండా పెద్దది అడుగు. చిన్నదాంట్లో రెండు రాత్రుల కథని ఒక రాత్రికి కుదించారు.

ప్రొజెక్టర్ దగ్గర కూర్చునే మనిషితో ముందే మాట్లాడుకో, ఇది మరిచిపోకు. జాక్ క్లేటన్ 'ది ఇన్నోసెంట్స్' (1961) చీకటి తెర మీద మొదలవుతుంది. బొమ్మ ఉండదు, ఒక పిల్ల గొంతు పాట మాత్రం వినిపిస్తుంది. తెలియనివాడైతే ఏదో పాడైందని ఆపేసి లైట్లు వేస్తాడు. ఇక ఆ రాత్రికి ఆ సినిమా లేచిరాదు. 'కార్నివాల్ ఆఫ్ సోల్స్'లో దానికి సరిగ్గా వ్యతిరేకం: హీరోయిన్ బట్టల దుకాణంలో ఉండగా ఉన్నట్టుండి లోకంలోని చప్పుళ్లన్నీ ఆగిపోతాయి. ఆమె మాట్లాడుతుంది, ఎవరూ పలకరు, ఎవరికీ ఆమె కనిపించదు. స్పీకర్లు పోయాయని మీవాడు వైర్లు కదిలిస్తే నేను ఊరుకోను.

అన్నట్టు ఆ 'కార్నివాల్ ఆఫ్ సోల్స్' నీ జాబితాలోనే లేదేం? సైకో, ఎగ్జార్సిస్ట్, హాలోవీన్... ఇవి మంచివి కావని ఎవరన్నారు, కానీ వచ్చేవాళ్లలో సగం మందికి సీనుకి సీను నోటికొచ్చు. హెర్క్ హార్వీ అన్నాయన అమెరికాలోని కాన్సస్‌లో బడిపిల్లలకీ కంపెనీలకీ పాఠాల సినిమాలు తీసేవాడు. కారులో పోతూ గ్రేట్ సాల్ట్ లేక్ ఒడ్డున పాడుబడ్డ సాల్టెయిర్ విహారశాల చూశాడు. అది మనసులో పడి, సుమారు ముప్ఫై వేల డాలర్లతో 1962లో ఈ సినిమా తెచ్చాడు. ఆయన కథాచిత్రం అదొక్కటే. ఆమెను వెంటాడే తెల్లమొహం మనిషి కూడా ఆయనే. విడుదలైనప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. సంగీతమంతా చర్చి ఆర్గనే; మంచి స్పీకర్లున్న హాల్లో ఆ ఆర్గన్ కడుపులో దేవేస్తుంది.

'మెసయా ఆఫ్ ఈవిల్' కూడా వెతుకు, 1970లది. విల్లర్డ్ హయ్క్, గ్లోరియా కాట్జ్ దంపతులు తీశారు. దాంట్లో ఒకమ్మాయి ఖాళీ సినిమాహాల్లో కూర్చుంటుంది. తెర వైపే చూస్తూ ఉంటుంది. వెనక ఒకరొచ్చి కూర్చుంటారు, తరవాత ఇద్దరు, ఆ తరవాత ఇంకొందరు. చప్పుడుండదు. ఆమె తిరిగి చూసేసరికి వరసలన్నీ నిండి ఉంటాయి. హాల్లో చూస్తే మన వీపు మనకే బరువనిపించే సీను. ఆ కాసేపు ఆలస్యంగా వచ్చేవాళ్లని లోపలికి వదలకు. లేదా, దుర్మార్గం అనుకోకపోతే, సరిగ్గా అప్పుడే వదులు.

జాక్ టర్నర్ 'క్యాట్ పీపుల్' (1942) రెండోదిగా వెయ్యి. డబ్బుల్లేక పులిని పెద్దగా చూపించకుండా తీసిన సినిమా అని తీసిపారెయ్యకు. ఈతకొలనులో ఒంటరిగా అమ్మాయి, గోడల మీద నీళ్ల వెలుగు వణుకు, ఎక్కడో గుర్రుమనే శబ్దం. అంతే, ఇంకేం లేదు.

ఇప్పుడు మీ నాన్న కథ. చిన్నప్పుడు మమ్మల్నిద్దర్నీ పెద్దవాళ్లు 'ద హాంటింగ్'కి తీసుకెళ్లారు, దయ్యాన్ని చూపించరట, పిల్లలకేం ఫరవాలేదని. తలుపు ఊపిరి తీసినట్టు లోపలికి ఉబుకుతుందే, అక్కడ మీ నాన్న బిగుసుకుపోయాడు. వరస మధ్యలో ఇరుక్కున్నాం. అటూ ఇటూ మోకాళ్లు. బయటికి పోదామంటే ఎవరూ జరగరు, వాడికేమో నోరు పెగలదు. నా మోచేతి మీద వాడి గోళ్లు దిగిపోయాయి. అవతలినించి మనిషి చెక్కని నెట్టాడంతే అని తరవాత ఎన్నిసార్లు చెప్పినా వాడికి ఎక్కలేదు. ఇప్పటికీ పడగ్గది తలుపు వెయ్యనివ్వడు, గమనించావా? గాలి కోసం అంటాడు.

అందుకే ఖండితంగా చెబుతున్నాను, విను. వరసల మధ్య దారి వెడల్పుగా ఉంచు. తలుపు దగ్గర కొన్ని కుర్చీలు ఎవరికీ ఇవ్వకు. బయట వరండాలో దీపం వెలుగుతూ ఉండాలి, అక్కడ మీవాళ్లెవరో ఒకరు మెలకువగా ఉండాలి. లేచిపోయేవాళ్లని చూసి నవ్వడం, వీడియోలు తియ్యడం నీ హాల్లో జరగకూడదు. భయపడటానికి వచ్చినవాడికి చాలు అనిపిస్తే పోయే హక్కుంది. 'టెక్సాస్ చైన్‌సా'లో రక్తం చాలా తక్కువరా, అయినా మనిషిని నలిపేస్తుంది. అది వేసేముందు విరామం ఇచ్చి, ఏం రాబోతోందో నాలుగు మాటల్లో చెప్పు.

నాలుగంటే నాలుగే. నీకు మైకు దొరికితే వదలవని మీ అమ్మ చెప్పింది. 'లె డియాబొలిక్' చివర ముగింపు ఎవరికీ చెప్పొద్దని తెర మీదే వేడుకున్నాడు దర్శకుడు క్లూజో, 1955లో. నువ్వు ఆ సినిమా వెయ్యకపోయినా ఆ మాట పాటించు.

ఆఖరిది 'ది థింగ్' పెట్టావు, దాన్ని కదపకు. 1982 జూన్ 25న 'బ్లేడ్ రన్నర్' కూడా విడుదలైన రోజే వచ్చి, తిట్లు తిని, వెళ్లిపోయింది పాపం. మంచు, అలసట, ఎవరినీ నమ్మలేనితనం. రాత్రంతా మేల్కొన్నవాళ్లకి అది చెప్పకుండానే అర్థమవుతుంది. 'క్వైదాన్' మాత్రం తీసెయ్, మూడు గంటల సినిమా అర్ధరాత్రి దాటాక వేస్తే నిద్రపోతారు. దానికి విడిగా ఒక సాయంత్రం పెట్టు.

సవరించిన జాబితా, ఒక్కోదాని నిడివితో సహా, ఆదివారం లోపు పంపు. కాపీల ఖర్చు ఎక్కువైతే మొహమాటపడకుండా అడుగు, మీ నాన్నకి తెలియనవసరం లేదు.

మీ అత్తయ్య