పాలు చాలట్లేదని డబ్బా పాలు మొదలుపెట్టే ముందు ఒక్కసారి ఇది చదువు చెల్లీ

చెల్లీ, నీ ప్రశ్న చదివాక నిన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే సరిగ్గా ఇదే నాకు మూడేళ్ళ కిందట జరిగింది. పాపకి 20 రోజులు, సిజేరియన్, నరసన్నపేట దగ్గర అమ్మగారింట్లో ఉన్నావు, సాయంత్రం అయ్యేసరికి పాప ఒకటే ఏడుపు, ఇంట్లో అందరూ పాలు చాలట్లేదు డబ్బా పట్టించెయ్ అంటున్నారు, చనుమొన పగిలి మంట, పైగా పైడిభీమవరంలో మళ్ళీ డ్యూటీకి ఎలగ వెళ్ళాలో అర్థం కావట్లేదు. ఇదే కదా నువ్వు అడిగింది.

ముందు డబ్బా కొనకు, రెండు లెక్కలు చూడు. ఒకటి, పాప రోజుకి ఎన్నిసార్లు ఉచ్చ పోస్తోంది. రోజు మొత్తం మీద 6 గుడ్డలో అంతకంటే ఎక్కువో బాగా తడుస్తున్నాయంటే, ఉచ్చ తేట రంగులో ఉందంటే కడుపులోకి పాలు వెళ్తున్నట్టే. రెండు, బరువు. పుట్టిన బరువులో మొదటి రోజుల్లో కొంచెం తగ్గడం మామూలే, నూటికి 7 నుంచి 10 వరకు తగ్గుతారు, రెండు వారాలకి మళ్ళీ పుట్టినప్పటి బరువుకి వచ్చేస్తారు, ఆ తర్వాత రోజుకి సుమారు 25, 30 గ్రాములు పెరగాలి. ఈ రెండూ బాగుంటే ఏడుపుకి కారణం పాలు లేకపోవడం కాదు. ఏడుపుని బట్టి పాలు కొలవకూడదు, రొమ్ము మెత్తగా ఉందని కూడా కొలవకూడదు, మూడు వారాలకి గట్టితనం తగ్గడం సహజం.

మా బాబు 2.8 కిలోలతో పుట్టాడు, డిశ్చార్జ్ అయ్యేసరికి 2.6. నేను డెలివరీ అయిన నర్సింగ్ హోమ్‌లో రెండో రోజే, నేను ఇంకా మగతలో ఉండగానే, "నీకు పాలు పడలేదమ్మా" అని చెప్పీసి మా అమ్మ చేతిలో ఒక డబ్బా, ఒక బాటిల్ పెట్టీసారు. అసలు మొదటి రోజు పాప పొట్ట ఒక్కసారికి చెంచాడు పాలకంటే ఎక్కువ పట్టదు, ఆ కాస్తకీ పసుపుగా చిక్కగా వచ్చే ముర్రుపాలు సరిపోతాయి, ఆ సంగతి అక్కడ మాకు ఎవరూ చెప్పలేదు. డబ్బా పాల కంపెనీలు తల్లులకి ఉచితంగా శాంపిల్స్ ఇవ్వకూడదని, ప్రకటనలు వెయ్యకూడదని 1992లోనే చట్టం వచ్చింది, నాకు ఆ తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసుంటే ఆ డబ్బా తీసుకునేదాన్ని కాదు.

బాటిల్ తాగితే బాబు మూడు గంటలు పడుకునేవాడు, అందరికీ సంతోషం. కానీ ఆ మూడు గంటలు వాడు రొమ్ము చీకలేదు. చీకితేనే కదా ఒంట్లో పాలు తయారయ్యేది, ఎంత లాగితే అంత ఊరుతుంది, లాగకపోతే ఇక అక్కర్లేదేమో అని ఒళ్ళు తగ్గించేస్తుంది. వారం తిరక్కుండా నిజంగానే నాకు పాలు తగ్గాయి. వీధిలోంచి వచ్చినవాళ్ళు ప్రతి ఒక్కరూ "ఏటమ్మా, నీకు పాలు పడ్నేదా" అని అడగడం, నేను గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడవడం. ఆ మాట అడిగేవాళ్ళకి అది బాలింతకి ఎంత లోపలికి గుచ్చుకుంటుందో తెలీదు. మీ ఇంట్లో ఆ మాట ఎవరైనా అంటే నీ తరఫున మీ అమ్మగారిని మాట్లాడమను, నువ్వు సమాధానం చెప్పక్కర్లేదు.

నన్ను గట్టెక్కించింది మా ఊరి నర్సమ్మ, ఏఎన్ఎమ్ గారు. టీకా కోసం వచ్చి, బాబుకి నేను పాలిస్తుంటే ఒక్క నిమిషం చూసి, మందు రాయలేదు, తిట్టలేదు, నా పక్కన మంచం మీద కూర్చుని "మొన ఒక్కటే నోట్లో పెట్టుకుంటున్నాడు తల్లీ, అందుకే పగిలింది" అన్నారు. బాబు నోరు ఆవలించినంత పెద్దగా తెరిచేవరకు ఆగి, అప్పుడు బాబునే రొమ్ము దగ్గరికి తీసుకురావాలి, మనం వంగి రొమ్ముని నోట్లో కుక్కకూడదు. గడ్డం రొమ్ముకి ఆనాలి, కింది పెదవి బయటికి మడిచి ఉండాలి, నల్లటి భాగం కింద వైపు ఎక్కువ నోట్లోకి పోవాలి. బిడ్డ పొట్ట మన పొట్టకి ఆనాలి, మెడ పక్కకి తిరిగి ఉండకూడదు. సరిగ్గా పట్టిందంటే మొదటి కొన్ని క్షణాలు లాగినట్టు ఉంటుంది, తర్వాత నొప్పి ఉండదు. నొప్పి ఆగకపోతే చిటికెన వేలు నోటి మూలన పెట్టి పట్టు విడిపించి మళ్ళీ మొదలుపెట్టు, ఎన్నిసార్లు అయినా సరే. నేను మొదటి రోజు ఒక్కోసారి ఏడెనిమిదిసార్లు విడిపించాను, మూడో రోజుకి పగుళ్ళు మానడం మొదలైంది. పాలిచ్చాక నాలుగు చుక్కలు పిండి మొనకి రాసి గాలికి ఆరనివ్వు, సబ్బు పెట్టి కడగొద్దు.

నీకు కుట్లు ఉన్నాయి కాబట్టి ఒళ్ళో పెట్టుకుంటే లాగుతుంది. పక్కకి తిరిగి పడుకుని ఇవ్వు, లేదా పాప కాళ్ళు నీ చంక కింద నుంచి వెనక్కి వెళ్ళేలా దిండు మీద పెట్టి పక్క నుంచి ఇవ్వు, కుట్ల మీద బరువు పడదు.

ఇక సాయంత్రం ఏడుపు. రెండు వారాల నుంచి ఆరేడు వారాల వరకు చాలామంది పిల్లలు సాయంత్రం అయిదు నుంచి రాత్రి పది వరకు వదలకుండా రొమ్ము మీదే ఉంటారు, కాస్త తాగడం, వదలడం, మళ్ళీ ఏడవడం. అది వాళ్ళు పాలు పెంచుకునే పద్ధతి. ఆ టైంలో నువ్వు ఒక చోట కూర్చుండిపో, వంటకీ గుడ్డలకీ ఇంకొకళ్ళు చూడాలి. మా అత్తగారు రాజాం నుంచి వచ్చి సరిగ్గా ఆ అయిదు గంటలే మా ఇంట్లో ఉండేవారు, నాకు అన్నం ముద్దలు కలిపి నోట్లో పెట్టేవారు, ఆవిడ నాకు చేసిన మేలు నేను మర్చిపోను. రోజుకి 8 నుంచి 12 సార్లు ఇవ్వాలి, రాత్రి ఇచ్చేవి మాత్రం మానకు, పాలు తయారుచేయించే హార్మోన్ రాత్రిపూటే ఎక్కువ ఉంటుంది. ఒక వైపు పాప తానే వదిలేవరకు ఉంచి తర్వాత రెండో వైపు ఇవ్వు. కంగారుగా, నొప్పితో ఉంటే చేపు, అంటే రొమ్ములోంచి పాలు జారి రావడం, త్వరగా రాదు, పాప ఒంటిని నీ ఒంటికి ఆనించుకుని కాసేపు ఊరికే పడుకో, ఏదీ ఇవ్వకపోయినా సరే.

తిండి సంగతి. మా అమ్మ తెలగపిండి మునగాకు కూర, వెల్లుల్లి కారం, సొరచేప పిట్టు, పొద్దున్న చోడి (రాగి) అంబలి పెట్టేది, అన్నీ మంచివే, శుభ్రంగా తిను. కానీ ఫలానాది తినకపోతే పాలు రావు అని భయపడకు, పాలు వచ్చేది పాప లాగితేనే, తిండి నీ ఒంటి బలానికి. ఒక్క విషయంలో మాత్రం పెద్దవాళ్ళతో గట్టిగా ఉండు: బాలింత నీళ్ళు తాగకూడదు, కూరగాయలు తినకూడదు అంటారు చూడు, అది వినకు. మన ఎండలకి దాహం వేసినప్పుడల్లా తాగాలి, పాలిచ్చే ప్రతిసారీ పక్కన చెంబు నీళ్ళు పెట్టుకో. పాపకి మాత్రం ఆరు నెలల వరకు నీళ్ళు వద్దు, ఎంత ఎండలోనైనా సరే, పాలల్లోనే నీళ్ళుంటాయి. తేనె నాకించడం, ఆముదం చుక్కలు, గాడిదపాలు ఇవేవీ వద్దు. తేనె అయితే ఏడాది లోపు పిల్లలకి ప్రమాదం కూడా. డాక్టర్ రాసే విటమిన్ డి చుక్కలు, టీకాలు మాత్రం మానకూడదు.

ఇంకో ముఖ్యమైనది. నాకు నెలన్నర అప్పుడు కుడి రొమ్ములో ఒక పక్క గట్టిగా ఎర్రగా గడ్డకట్టి 102 జ్వరం వచ్చింది, చలి, వణుకు. ఆ పక్క పాలు ఇవ్వకూడదని చుట్టుపక్కలవాళ్ళు అన్నారు, శ్రీకాకుళంలో చూపిస్తే డాక్టరమ్మ పూర్తిగా వ్యతిరేకంగా చెప్పింది, ఆ పక్క కూడా ఇవ్వాల్సిందే, ఆపితే చీము పట్టొచ్చు అని, యాంటీబయోటిక్ ఇచ్చి, పాలిచ్చాక చల్లటి గుడ్డ పెట్టుకోమంది. రెండ్రోజుల్లో తగ్గింది. జ్వరం వస్తే ఇంట్లో ఆకులు కట్టుకుని కూర్చోకు.

పాప బొత్తిగా మగతగా ఉండి పాలకి లేవకపోయినా, ఉచ్చ తగ్గినా, ముదురు పసుపు రంగులో పోసినా, ఒంటి పసుపు కాళ్ళ వరకు దిగినా, రెండు వారాలు దాటినా బరువు పుట్టినప్పటికి రాకపోయినా, అదే రోజు శ్రీకాకుళం పెద్దాసుపత్రికో (రిమ్స్ అనేవాళ్ళం) మీ పిల్లల డాక్టర్ దగ్గరికో వెళ్ళు. నాలుక కింద తీగ బిగుసుకుని ఉండడం, తల్లికి థైరాయిడ్, డెలివరీలో రక్తం ఎక్కువ పోవడం ఇలాంటివి ఉంటే పాలు నిజంగా తక్కువ ఉండొచ్చు. అప్పుడు డాక్టర్ చెప్పి డబ్బా పాలు ఇవ్వమంటే ఇవ్వు, అందులో నీ తప్పు రవ్వంత లేదు. కాకపోతే బాటిల్ వద్దు, మన ఇళ్ళల్లో అమ్మమ్మల నాటి ఉగ్గుగిన్నె ఉంటుంది కదా, దాన్ని మరిగించి దాంతో పట్టు, ముందు రొమ్ము ఇచ్చిన తర్వాతే.

ఉద్యోగం గురించి. పది మంది, అంతకు మించి ఉన్న చోట మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల జీతంతో కూడిన సెలవు నీ హక్కు, డెలివరీకి ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసుంటే చాలు. మళ్ళీ చేరాక కూడా పాపకి 15 నెలలు వచ్చేవరకు రోజుకి రెండుసార్లు పాల కోసం విరామం ఇవ్వాలి, 50 మంది, అంతకు మించి ఉన్న చోట పిల్లల గది కూడా ఉండాలి. ఈ విషయం కాగితం మీద రాసి హెచ్‌ఆర్‌కి ఇప్పుడే పెట్టు, చేరే రోజున అడిగితే కుదరదు అంటారు, నేను పనిచేసే పాఠశాలలో నాకూ అలాగే అయింది. నేను చేతితోనే పిండి, స్టీల్ గిన్నెలో మూతపెట్టి పెట్టేదాన్ని. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి, కరెంటు పోతూ ఉంటే మాత్రం అంత నమ్మకు, బయట చల్లటి గదిలో అయితే నాలుగు గంటలే, మన మే నెల ఎండలో ఇంకా ముందే వాడేసెయ్యి. పొయ్యి మీద కాచొద్దు, వేడినీళ్ళ గిన్నెలో పెట్టి గోరువెచ్చగా చేసి ఉగ్గుగిన్నెతో మీ అమ్మగారు పట్టొచ్చు. చేరే రోజుకి పదిహేను రోజుల ముందు నుంచి పిండడం అలవాటు చేసుకో.

రేపు పొద్దున్నే పాపకి బట్టలు తీసేసి మీ దగ్గరున్న అంగన్‌వాడీలోనో పీహెచ్‌సీలోనో బరువు తూయించి, పుట్టినప్పటి బరువు కూడా కలిపి ఇక్కడ రాయి. రోజుకి ఎన్ని గుడ్డలు తడుస్తున్నాయో కూడా రాయి, సాయంత్రం ఏడు తర్వాత చూస్తాను.