తమిళంలో ళ, ఴ తేడా చెవికి పట్టాలంటే

చెన్నైకి వచ్చి తమిళం మాట్లాడగలుగుతున్నా 'కుళి' (స్నానం చెయ్యి), 'కుఴి' (గుంట) ఒకేలా వినిపిస్తున్నాయని, ఈ వయసులో ఇక చెవికి పట్టదేమోనని అడిగారు. తప్పకుండా పడుతుంది. నాకూ ఇక్కడ ఉద్యోగంలో చేరాకే పట్టుబడింది.

ఈ ఴ పాత తెలుగు శాసనాల్లో ఉండేది. తర్వాత చాలా మాటల్లో డ అయింది: తమిళంలో ఏఴు, కోఴి, నిఴల్; మనకి ఏడు, కోడి, నీడ. ఇప్పుడు ఆ శబ్దం మనకి లేదు కాబట్టి, వినగానే దగ్గర్లో ఉన్న ళ కింద జమకట్టేస్తాం. జపాన్ వాళ్లకి ఇంగ్లీషు ఆర్, ఎల్‌తో ఇదే ఇబ్బంది. 1991లో లోగన్, లైవ్లీ, పిసోనీ అనే పరిశోధకులు జపాన్ పెద్దవాళ్లకి అలాంటి జంట మాటల్ని పలువురి గొంతుల్లో వినిపించి, తప్పో ఒప్పో వెంటనే చెబుతూ సాధన చేయిస్తే వాళ్లు మెరుగుపడ్డారు.

నేనూ అలాగే చేశాను. ఆఫీసు స్నేహితుల్ని, మా ఓనర్ ఆంటీని, ఆవిడ కాలేజీ అబ్బాయిని కుళి–కుఴి, వాళ్–వాఴ్ (కత్తి–బతుకు) లాంటి జంటల్లోంచి ఏదో ఒకటి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమన్నాను. విని, నాకు తోచింది చెప్పి, సరైనదేదో అప్పటికప్పుడే అడిగేదాన్ని. గొంతులు రకరకాలుగా ఉండటమే ఇందులో కీలకం. ఒక్కరిదే వింటే ఆ మనిషి పలికే తీరు గుర్తుంటుంది తప్ప శబ్దం వేరుపడదు. పలకడానికైతే, ళకి మడిచిన నాలుక అంగిలిని తాకుతుంది, ఴకి తాకదు.

అక్షరాలు కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. చెన్నైలోని వడపళని, షోలింగనల్లూర్ పేర్లు రెండింటికీ ఇంగ్లీషులో ఎల్ రాస్తారు, తమిళ బోర్డు మీద ఉండేది ఴ. బస్సు బోర్డులు తమిళంలో చదవడం వచ్చాక నా చెవి కూడా చురుకైంది. క, గలకి ఒకటే అక్షరమని కంగారుపడకండి. జంటగా వస్తే క ('అక్కా'), ముందు అనునాసికం (ముక్కుతో పలికే శబ్దం) ఉంటే గ ('తంగం'). న, ణ తికమకకి బడిపిల్లల పద్ధతే మేలు: రెండు సుఴి (మెలిక) న, మూడు సుఴి ణ. మెలికలు లెక్కపెట్టుకుంటే చాలు.

వాయిస్ మెసేజ్‌లు అడిగేముందు ఒకటి చూసుకోండి. మదురై వైపు చాలామంది మాటల్లో ఴ కూడా ళగానే వస్తుంది. అది వాళ్ల యాస, తప్పేం కాదు. ఈ సాధనకి మాత్రం రెండూ విడివిడిగా పలికేవాళ్లనే అడగండి.