ట్యాంకు చిన్నదా, మట్టిది తప్పా?

ప్రశ్న: మేడవాక్కంలో ఇల్లు కట్టి రెండేళ్లయింది. వానాకాలంలో సెప్టిక్ ట్యాంకు లారీతో తోడించిన వారానికే నిండుతోంది. పెరట్లో కరివేపాకు చెట్టూ చచ్చిపోయింది. ఇంకా పెద్ద ట్యాంకు కట్టమంటున్నాడు మేస్త్రీ. టెన్షన్‌గా ఉంది.
– ఒక గృహిణి, చెన్నై

జవాబు: అమ్మా, అప్పుడే డబ్బు పోయకండి. పళ్ళికరణై చిత్తడి నేల మీకు దగ్గరే. మీది బంకమట్టి అయితే నీళ్లను పట్టుకుంటుంది గానీ కిందికి దించదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా భూమిలో నీరు పైకొచ్చి, సోక్ పిట్‌లోకి (ట్యాంకు నీరు నేలలో ఇంకడానికి తీసిన గుంతలోకి) బయటి నీరే దూరుతుంది. అలాంటి చోట ఎంత పెద్ద ట్యాంకైనా నిండుతుంది.

ఎండాకాలంలో సోక్ పిట్ లోతుకు గుంత తీసి, రాత్రంతా నీళ్లతో నాననివ్వండి. మర్నాడు మళ్లీ పోసి గడియారం చూడండి. గంటకు అంగుళం కూడా దిగకపోతే అక్కడ సోక్ పిట్ దండగ. వీధిలో డ్రైనేజీ లైను ఉంటే కలిపించుకోండి. లేదంటే ట్యాంకు నీటిని నేలకు ఎత్తుగా కట్టిన కంకర ఫిల్టర్‌లోకి మళ్లించాలి. నిండు వానల్లో మాత్రం ట్యాంకు పూర్తిగా తోడించకండి, ఖాళీ ట్యాంకును కింది నీరు పైకి లేపేస్తుంది.

తిరువాన్మియూరులో మా బావగారిది ఇసక నేల, పోసిన నీరు పోసినట్టే మాయం. ఆయన మురిసిపోతాడు గానీ, మురుగు బావిలోకి చేరుతుందని నా భయం. బావికీ సోక్ పిట్‌కీ కనీసం 18 మీటర్ల దూరం ఉండాలి.

కరివేపాకుకు వేళ్లు కుళ్లి ఉంటాయి. అడుగున్నర ఎత్తు మడి కట్టి, ఎర్రమట్టి, ఇసక, పశువుల ఎరువు కలిపి కొత్త మొక్క నాటండి.