పదకొండు నోటు పుస్తకాలు నిండాయి, మార్కులు మాత్రం కదలడం లేదు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర ఒక పల్లె. మా అమ్మాయి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పదో తరగతి, ఇంగ్లీషు మీడియం. నేను తెలుగు మీడియంలో ఇంటర్ వరకు చదివాను. అమ్మాయి రోజూ సాయంత్రం రెండు మూడు గంటలు నోట్సు రాస్తూనే ఉంటుంది. ఇప్పటికి పదకొండు నోటు పుస్తకాలు నిండాయి. రాత ముత్యాల్లా ఉంటుంది, శీర్షికలకు ఒక రంగు, నిర్వచనాలకు ఇంకో రంగు. స్లిప్ టెస్టుల్లో మంచి మార్కులే వస్తాయి. నెలన్నర తర్వాత పెద్ద పరీక్షలో అదే పాఠం వస్తే మరిచిపోయానంటుంది. ఎవరో టాపర్ రాసిన నోట్సును అన్ని సబ్జెక్టులకూ కలిపి స్పైరల్ బైండింగ్ చేసి 900 రూపాయలకు అమ్ముతున్నారట, కొనమని అడుగుతోంది. కొనమంటారా? పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్‌లో చేర్చాలని మా ఆలోచన.
- ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు:

అమ్మా, ముందు ఆ 900 రూపాయల సంగతి తేల్చేద్దాం. కొనకండి. ఎవరి నోట్సయినా వాళ్లకు కొరుకుడు పడని చోట్ల ఎక్కువగా, తేలిగ్గా వచ్చేసిన చోట్ల తక్కువగా ఉంటుంది. ఆ టాపర్‌కు త్రికోణమితి నల్లేరు మీద నడక అయితే దానికి అర పేజీ కేటాయించి ఉంటుంది. మీ అమ్మాయి తడబడేది సరిగ్గా అక్కడే కావచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. 2024-25 నుంచి మన రాష్ట్రంలో పదో తరగతి లెక్కలు, సైన్సు, సోషల్‌కు ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు వచ్చాయి. అంతకు ముందు బ్యాచ్‌ల నోట్సు కొత్త అట్ట వేసుకుని జిరాక్స్ షాపుల్లో తిరుగుతుంటే పిల్లలు గుర్తుపట్టలేరు.

ఇక అసలు విషయం. స్లిప్ టెస్టులో వచ్చింది నెలన్నరకు ఎందుకు పోయింది? మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించిన వాక్యం అదే. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. విద్యార్థులకు చిన్న పాఠాలిచ్చారు. కొన్నిటిని మళ్లీ మళ్లీ చదివించారు, కొన్నిటిని ఒకసారి చదివాక కాగితం మూసి గుర్తున్నంత రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవే ఎక్కువ గుర్తున్నాయి. వారం తర్వాత పెడితే తారుమారైంది: మూసి రాసినవి నిలిచాయి, చదివినవి జారిపోయాయి. మీ అమ్మాయి స్లిప్ టెస్టు ఆ అయిదు నిమిషాల పరీక్ష లాంటిది. రాత్రి రాసింది, పొద్దున ఒప్పగించింది. దాన్ని చూసి మీరూ తనూ మోసపోయారు.

తను చేస్తున్నది నోట్సు రాయడం కాదు, పాఠాన్ని ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి మోసుకెళ్లడం. కన్ను చూస్తుంది, చెయ్యి రాస్తుంది, మధ్యలో బుర్రకు పని ఉండదు. తప్పు పిల్లది కాదు. నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు చాలా ఏళ్లు హైస్కూల్లో పాఠాలు చెప్పాను. గైడు చూసి జవాబులు డిక్టేట్ చేసేవాణ్ణి, పిల్లలు ఫెయిర్ నోట్సులో ఎక్కించుకొచ్చేవారు, యాభై పుస్తకాలకు ఒకే గంటలో ఎర్ర టిక్కులు పెట్టేవాణ్ణి. ఒకసారి ఒక కుర్రాడు జవాబు మధ్యలో సినిమా పాట పల్లవి రాస్తే దానికీ టిక్కు పడింది. తరగతి అంతా నవ్వింది, నేనూ నవ్వాను, ఇంటికెళ్లాక మాత్రం నవ్వు రాలేదు.

అలాగని ఫెయిర్ నోట్సు మాన్పించకండి. ఎఫ్‌ఏ (బడిలోనే జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కుల్లో రాతపనికి వాటా ఉంది, టీచరు అడుగుతారు. ఒకే పెన్నుతో, అడిగినంతే రాసి అరగంటలో ముగించమనండి. మిగిలిన సమయానికి వేరే రకం పుస్తకం కావాలి.

దానికి కొత్త సరంజామా ఏమీ అక్కర్లేదు. మన లాంగ్ నోటు పుస్తకంలో ఎడమ పక్క మార్జిన్ గీత ఉంటుంది కదా, దాన్ని మూడు వేళ్ల వెడల్పుకు జరిపి గీయమనండి. కుడి పక్క పాఠంలోని విషయం, సొంత మాటల్లో, క్లుప్తంగా. ఎడమ పక్క ప్రశ్నలు మాత్రమే. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ పాక్ అనే అధ్యాపకుడు 1950లలో ఇలాంటి పద్ధతినే ప్రచారం చేశారు, అందుకే దాన్ని కార్నెల్ నోట్సు అంటారు. మర్నాడు కుడి పక్కను అట్టముక్కతో మూసి, ఎడమ పక్క ప్రశ్న చూసి జవాబు పైకి చెప్పాలి. రానిదాని పక్కన చుక్క పెట్టాలి. ఆదివారం చుక్కలున్నవి, నెల తర్వాత పాఠం మొత్తం. మొదటి వారం తనకు ఇది అసలు నచ్చదు. అంత అందంగా రాసుకున్న పిల్లకు చుక్కలతో నిండిన పేజీ అవమానంలా కనిపిస్తుంది. ఆ వారం మీరు పక్కన కూర్చోవలసి వస్తుంది.

అన్ని సబ్జెక్టులకూ ఒకే మూస పనికిరాదు. లెక్కలకైతే నేను అసలు నోట్సే వద్దంటాను. చేసిన లెక్కను శుభ్రంగా ఎక్కించడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఒక తప్పుల పుస్తకం పెట్టించండి. ఏ లెక్క, ఏ మెట్టులో జారాను, ఎందుకు జారాను, అంతే. వర్గ సమీకరణం సూత్రంలో ‘బి’ విలువ మైనస్ 5 అయితే ‘మైనస్ బి’ ప్లస్ 5 అవుతుంది. అక్కడ గుర్తు మార్చడం మరిచిపోయే పిల్లలు ఆ తప్పును ఏడాదంతా చేస్తూనే ఉంటారు, ఎందుకంటే లెక్క తప్పిందని తెలుస్తుంది కానీ ఎక్కడ తప్పిందో ఎవరూ రాసిపెట్టుకోరు. నెల తిరిగేసరికి ఆ పుస్తకంలో ముప్పై తప్పులు చేరితే, అవి నిజానికి అయిదారు తప్పులేనని, అవే వేషాలు మార్చుకుని వస్తున్నాయని తనకే కనిపిస్తుంది. త్రికోణమితి పట్టికను కూడా గోడకు అంటించి బట్టీ పట్టించకండి. 0, 1, 2, 3, 4 వరుసగా రాసి, ఒక్కోదాన్ని 4తో భాగించి, వర్గమూలం తీస్తే 0, 30, 45, 60, 90 డిగ్రీల సైన్ విలువలు వచ్చేస్తాయి. వరుస తిరగేస్తే కాస్. పరీక్ష హాల్లో రఫ్ పేజీ మీద నిమిషంలో కట్టుకోవచ్చు.

భౌతికశాస్త్రంలో వాక్యాల కంటే బొమ్మ ముందు. పుటాకార దర్పణం ముందు వస్తువును పెట్టే ఆరు స్థానాలకూ కిరణ చిత్రాలు పుస్తకం మూసి గీయాలి. ధ్రువానికీ నాభికీ మధ్య పెట్టినప్పుడు మాత్రమే మిథ్యా ప్రతిబింబం ఎందుకు వస్తుందో ఆ గీతలే చెబుతాయి. విద్యుత్తు పాఠంలో 6 ఓమ్‌లు, 3 ఓమ్‌ల నిరోధాలను శ్రేణిలో కలిపితే 9, సమాంతరంగా కలిపితే 2. సమాంతర సంధానంలో జవాబు ఉన్నవాటిలో అతి చిన్నదాని కంటే కూడా తక్కువ రావాలన్న ఒక్క మాట మార్జిన్‌లో ఉంటే ఆ లెక్కను తనే దిద్దుకోగలదు.

రసాయనశాస్త్రంలో సమీకరణం పక్కన కంటికి ఏం కనిపిస్తుందో రాయమనండి. కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ఇనుప మేకు వేస్తే నీలిరంగు వెలిసిపోతుంది, మేకు మీద గోధుమ రంగు పూత పడుతుంది. రంగు గుర్తుంటే సమీకరణం దాని వెనకే వస్తుంది. జీవశాస్త్రంలో గుండె బొమ్మను చూసి వెయ్యడం కాదు, చూడకుండా వేసి, భాగాలు గుర్తించి, తర్వాత పుస్తకంతో పోల్చుకోవాలి. ధమనులన్నీ మంచి రక్తాన్నే మోస్తాయనుకునే పిల్లలు చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు మోసే పుపుస ధమని దగ్గర తప్పకుండా బోల్తా పడతారు. ఇలాంటివి ఎడమ పక్క ప్రశ్నలుగా ఉండాలి.

సోషల్‌లో తేదీల జాబితా ఎవరికీ నిలవదు, కారణాల గొలుసు నిలుస్తుంది. 1919లో రౌలట్ చట్టం, ఆ ఏప్రిల్‌లో జలియన్‌వాలాబాగ్, 1920లో సహాయ నిరాకరణ, 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా, వెంటనే ఉద్యమ విరమణ. ఒక్కో బాణం మీద ‘ఎందుకు’ అని రాయమనండి. గాంధీజీ విరమించింది ఎందుకు? ఆ మాట వినని వాళ్లు ఎవరు? అక్కడ మన గూడెం కొండలు, అల్లూరి సీతారామరాజు వస్తారు. అహింసా ఉద్యమాన్ని మెచ్చుకుంటూనే ఆయన ఆయుధం ఎందుకు పట్టారన్నది ఆ పాఠంలో ఉన్న మంచి ప్రశ్న. భూగోళానికైతే రోజుకో ఖాళీ మ్యాపు చాలు.

తెలుగు గురించి ఒక్క మాట. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ అనీ యతి 10వ అక్షరమనీ పదిసార్లు రాసే బదులు, వాచకంలోని ఒక్క పద్యపాదానికి గురులఘువులు తనే గుర్తించి గణాలు విడదీస్తే సరిపోతుంది. ఇంగ్లీషు, హిందీల సంగతి టీచర్లు చెప్పినట్టు చేయనివ్వండి, అక్కడ చదవడమే ఎక్కువ అవసరం.

మీరు తెలుగు మీడియంలో చదివానని కాస్త సంకోచంగా రాశారు. అదే మీ ఇంట్లో ఉన్న సౌకర్యం. ప్రభుత్వం ఇచ్చే ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. మీరు తెలుగు పేజీ పట్టుకుని ప్రశ్న అడగండి. తను మీకు తెలుగులో విడమరిచి చెప్పి, తర్వాత ఇంగ్లీషులో రాయాలి. మీకు అర్థం కాలేదంటే చాలాసార్లు తనకూ అర్థం కాలేదన్నమాటే. వంట చేస్తూ కూడా అడగవచ్చు.

పాలిటెక్నిక్ ఆలోచన బాగుంది, ఈ పద్ధతి దానికీ పనికొస్తుంది. దాని ప్రవేశ పరీక్ష ఏపీ పాలిసెట్‌లో రెండు గంటల్లో 120 ప్రశ్నలు: లెక్కలు 50, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 30. అన్నీ పదో తరగతి పాఠాలే, అన్నీ బహుళైచ్ఛిక ప్రశ్నలే. అంటే ఒక్కోదానికి ఒక్క నిమిషం. పేజీల కొద్దీ వ్యాస జవాబులు అక్కడ అక్కరకు రావు, తప్పుల పుస్తకం వస్తుంది. నూజివీడు, ఇడుపులపాయ వంటి ట్రిపుల్ ఐటీల్లో సీట్లు పదో తరగతి మార్కులను బట్టే ఇస్తారు కాబట్టి ఆ దరఖాస్తు కూడా వదులుకోకండి. డిప్లొమాలో చేరాక ఎవరూ నెమ్మదిగా డిక్టేట్ చేయరు, విన్నదాన్ని తన మాటల్లో రాసుకోవడం అప్పుడు నేర్చుకోవాలంటే మొదటి సెమిస్టరు గడిచిపోతుంది. నా దగ్గరకు గ్రూప్స్‌కు సిద్ధమయ్యే వాళ్లు కూడా వస్తుంటారు. ముప్పై ఏళ్ల వయసులో మళ్లీ హైస్కూలు సోషల్ పుస్తకాలు ముందేసుకుని, అప్పట్లో రాసిన నోట్సు పాత కాగితాలవాడికి వేసేశామని నొచ్చుకుంటారు. ఉంచుకున్నా వాళ్లకు ఏం ఉపయోగపడేదో నాకైతే అనుమానమే.

ఒకవేళ ఈ జవాబు చేరేలోపే ఆ స్పైరల్ పుస్తకం ఇంటికి వచ్చేసి ఉంటే అమ్మాయిని తిట్టకండి. ముందు అందులోని పాఠాల పేర్లను ఇప్పటి పాఠ్యపుస్తకాలతో సరిచూడండి. సరిపోయిన పాఠాల వరకు, తను మూసి రాసిన జవాబును దానితో పోల్చుకోవడానికి వాడుకోనివ్వండి. పదకొండు పాత పుస్తకాలనూ పారేయొద్దు. వాటి మార్జిన్లన్నీ ఖాళీగానే ఉంటాయి, ఈ ఆదివారం సైన్సులో ఒక పాఠం తీసి ఆ ఖాళీలో ఎనిమిది ప్రశ్నలు రాయించి చూడండి. రంగు పెన్నులు కూడా దాచి ఉంచండి, మ్యాపులో గోదావరికి, కృష్ణకు నీలం కావాలి కదా.